మేరీ వదినకి ఐస్ టీ

మొన్న ఆదివారం మా ఇంట్లో టీ పార్టీ అయింది. నలుగురం ఉన్నాం. ఎవ్వరూ చుక్క తాగలేదు, కానీ అందరి ఒంటిమీదా టీయే! నవ్వకండి. అది నవ్వే విషయమేలెండి, కాకపోతే నాకింకా నవ్వు రావట్లేదు.

మేరీ వదినంటే మా పక్క క్వార్టరావిడ. వాళ్లది కాకినాడ వైపు, మాది విజయనగరం వైపు. నేను పెళ్లయి ఈ భిలాయి స్టీల్ ప్లాంటు క్వార్టర్లకి, సెక్టర్ 4కి వచ్చినప్పటినుంచీ మా ఇద్దరి మధ్యా ఉన్నది ఒక్క పెరటి గోడ. రోజూ సాయంత్రం నాలుగింటికి నేను టీ పెడతాను. గోడమీంచి ఒక గ్లాసు అటు వెళ్తుంది. ఆవిడ అటు, నేను ఇటు నిలబడి తాగుతాం. అంతే, పెద్ద మాటలేం ఉండవు. కూరేం వండావు, కుళాయి వచ్చిందా, ఇవే. వదినవాళ్లాయన్ని నేను అన్నయ్యగారూ అంటాను. ఆయన ప్లాంటులో రిటైరయ్యారు. రిటైరైతే క్వార్టర్ ఖాళీ చెయ్యాలి, ఎప్పటికైనా మనందరికీ తప్పనిదే. ఆదివారం సాయంత్రం రైలు.

ఇక్కడ నా కడుపుమంట ఒకటి చెప్పాలి. ఎప్పుడో క్లబ్బులో ఎవరో ఆఫీసరుగారి అమ్మాయి రిసెప్షన్‌కి వెళ్లింది వదిన. అక్కడ ఐస్ టీ ఇచ్చారట. గాజు గ్లాసులో, లీచీ పండు వేసి. అప్పట్నుంచీ ఎండాకాలం వస్తే చాలు, నా గ్లాసు పట్టుకుని, నా టీ తాగుతూ, "అబ్బ, ఆ రోజు క్లబ్బులో తాగాను చూడు సత్యా, టీ అంటే అదే!" అనడం. ఏటేటా ఇదే పాట! నేను తల ఊపేదాన్ని. లోపల మాత్రం ఉడికిపోయేదాన్ని. మరి నేను పోస్తున్నదేటి, కుడితా?

అందుకని, వెళ్లిపోయే రోజైనా ఆ మాట నా టీ గురించి అనిపించుకోవాలని పంతం పట్టాను. చీర పెట్టడం, పసుపు డబ్బా, పచ్చడి సీసా ఇవ్వడం అందరూ చేస్తారు. నాకు కావలసింది ఆ ఒక్క మాట. ఆవిడ వెళ్లిపోయాక ఇంకెవరంటారు చెప్పండి?

సరిగ్గా శనివారంనాడు ఫ్రిజ్ చచ్చింది. మెకానిక్ వచ్చి, వెనక చెయ్యి పెట్టి చూసి, "కంప్రెసర్ గయా దీదీ. సోమవార్ కో దేఖేంగే" అని, కంప్రెసర్ పోయింది, సోమవారం చూద్దామని చెప్పి వెళ్లిపోయాడు. అతని సోమవారం ఇంకా రాలేదు.

అయినా నేను వెనక్కి తగ్గలేదు. ఆదివారం పొద్దున్నే సాంబారు గిన్నె నిండా టీ మరిగించాను. చెయ్యి ఊరుకుంటుందా? ఏళ్ల అలవాటు కదా, పాలు పోసీసాను! దాన్లో మామిడిపండు రసం, నిమ్మకాయ పిండేసరికి మొత్తం విరిగిపోయి కూర్చుంది. పారబోసి మళ్లీ మొదలు. ఈసారి పాలగిన్నెని వేరే గదిలో పెట్టి వచ్చాను. డికాక్షన్ దించి, లీచీలు ఒలిచి గుజ్జు తీసి, మామిడి రసం కలిపి, నిమ్మకాయ పిండి, గుడ్డలో వడకట్టాను. పంచదార మాత్రం చెయ్యి జారినట్టు వేసాను, తియ్యగా పంపాలని. రంగు చూస్తే నా కంటికే ఎంత ముద్దొచ్చిందో! రుచి చూడలేదు. మొదటి గుక్క వదినే తాగాలని.

మరి చల్లబడేదెలా? ఫ్రిజ్ లేనప్పుడు భిలాయిలో మనకి దిక్కేటి? కూలర్ ట్యాంకు! మామిడిపళ్లూ అందులోనే, నీళ్ల సీసాలూ అందులోనే. మా ఇంట్లో కూలర్ షాపులో కొన్నది కాదు. మా ఆయన రేకులు తెచ్చి, దగ్గరుండి వెల్డింగ్ చేయించారు. మనిషి కూర్చుని స్నానం చెయ్యొచ్చు, అంత ట్యాంకు. అడుగున కాసిని నీళ్లున్నాయి. గిన్నె అందులో నిలబెట్టి, పళ్లెం మూతపెట్టి, అది కదలకుండా మీద ఇటుక కూడా పెట్టాను. కూలర్ పక్కనుండే గడ్డి తలుపు మూసీసాను. అబ్బో, ఎంత తెలివైనదాన్నో!

మా ఆయనది ఫర్నేస్ దగ్గర డ్యూటీ. మార్నింగ్ షిఫ్ట్ దిగి ఇంటికొచ్చి ముందు చేసేపని ఏటో మీకు తెలుసు కదా. మీ ఇళ్లలోనూ అదే. చెప్పులు విప్పకముందే రబ్బరు పైపు కూలర్లో పెట్టి కుళాయి తిప్పడం! లోపలేముందో చూడరు. గడ్డి సందులోంచి పైపు దూర్చీడమే. ఇది నాకు తెలీదా? రోజూ చూస్తున్నదే! ఆయన వచ్చేలోపల తీసీచ్చులే అనుకున్నాను.

ఈలోగా గోడవతల నించి "సత్యా, ఈ బెడ్డింగు కట్టడానికి ఒక చెయ్యి వెయ్యవే" అని వదిన పిలిచింది. వెళ్లాను. బెడ్డింగు కట్టాం, విప్పాం, మళ్లీ కట్టాం. బోసిపోయిన ఆ గదిలో మేం మాట్లాడితే మా మాటలు మాకే పెద్దగా వినపడ్డాయి. ఆవిడ ఫోటోలు తీసేసి మేకులే మిగిలిన గోడ చూస్తూ కూర్చుంది. నేనూ కూర్చున్నాను. గిన్నె సంగతి గుర్తే లేదు.

మా ఆయన ఇంటికొచ్చారు, పైపు పెట్టారు, ట్యాంకు నింపారు. తర్వాత అన్నయ్యగారితో కలిసి ట్రక్కులోకి సామాను ఎక్కించారు. ట్రక్కు వెళ్లాక నా మాటమీద స్కూటర్ వేసుకుని రుఆబాంధా బజారు దాకా వెళ్లి, చెరుకురసం బండివాడి దగ్గర ఐసుగడ్డ తెచ్చారు. గోనెసంచిలో, రంపపు పొట్టులో చుట్టి. ఆ ఎండలో, ఆ వడగాలిలో! మనిషి మంచివాడే. కాదనను.

నాలుగైంది. మొదటిసారి వదిన నా టీకి గోడ దగ్గరకి కాకుండా వీధి గుమ్మంలోంచి వచ్చింది. చర్చికి కట్టుకునే తెల్లచీర కట్టుకుంది. రైలుకి అదే. మిగతా బట్టలన్నీ ట్రంకుపెట్టెల్లో వెళ్లిపోయాయి. అన్నయ్యగారిది తెల్ల చొక్కా. అందరూ చెమటలు కక్కుతున్నారు. ఇద్దర్నీ సరిగ్గా కూలర్ ఎదురుగా కూర్చోబెట్టాను. ఫ్యానూ పంపూ రెండు స్విచ్చులూ నేనే వేసాను, ఈ చేతుల్తోనే. గాజు గ్లాసులు తేవడానికి వంటింట్లోకి వెళ్లాను.

"హా! నీళ్లు నిండా పోసేను. ఎంత చల్లగా ఉందో చూడండి!" అని మా ఆయన అంటున్నారు.

అప్పుడు వదిన గొంతు వినపడింది. "ఏం వాసనండీ ఇది! సత్యా! క్లబ్బులో టీ కూడా ఇంత వాసన లేదే. టీ అంటే ఇదే!"

నా ప్రాణం లేచొచ్చింది. ఇన్నేళ్లకి ఆ మాట! గ్లాసులు పట్టుకుని నాలో నేనే నవ్వుకున్నాను. అన్నయ్యగారు కూడా, "నిజవేనమ్మా. ఇన్నేళ్లూ ప్లాంటులో కోక్ ఓవెన్స్ బొగ్గు పొగలో పనిచేసిన ముక్కు నాది, నాక్కూడా తెలుస్తోంది" అన్నారు.

అప్పుడు తట్టింది. గిన్నె ఇంకా ట్యాంకులోనే ఉంది. మూత పెట్టి ఉంది. మరి వాసన ఎలా వచ్చింది?

పరిగెత్తుకొచ్చేసరికి వదిన తెల్లచీర మీద ఎర్రటి చుక్కలు. అన్నయ్యగారి చొక్కా మీద, బట్టతల మీద, మా ఆయన మీద, గోడమీద క్యాలెండర్ మీద! మా కూలర్ గాలితోపాటు తుంపర కూడా కొడుతుంది. అది దాని గొప్ప అని మా ఆయన పదిమందికీ చెప్పుకునేవారు. నా మీదా చిందుతుంటేనే స్విచ్ ఆపి గడ్డి తలుపు తీసి చూస్తే ఏముంది? నీళ్లు నిండగానే గిన్నె పైకి తేలింది, మీదున్న ఇటుక బరువుకి బోర్లా పడింది. ట్యాంకు నిండా టీ!

"ఓలమ్మో! నీళ్లు పోసేటప్పుడు గిన్నె చూడలేదేటండీ?"

"ఏ గిన్నె?" అన్నారు. పాపం, నిజంగానే తెలీదు.

వదిన తన పమిట చూసుకుంది. నన్ను చూసింది. నేను అక్కడే నేలమీద కూలబడి ఏడుపు మొదలెట్టాను. చీర పాడైనందుకు కాదు. వెళ్లిపోతోందని. పొద్దుట్నించీ ఆపుకున్నది అంతా అప్పుడే రావాలా?

"ఊరుకోవే పిచ్చిదానా," అని వదిన వచ్చి నా పక్కనే కింద కూర్చుంది. మళ్లీ టీ పెడదామంటే టీపొడి డబ్బా ఖాళీ, పొద్దున్న రెండు విడతలు మరిగించాను కదా. ఆవిడే గోనెసంచి విప్పి, ఐసుముక్కలు కొట్టి కడిగి, నాకొకటి ఇచ్చి తనొకటి నోట్లో వేసుకుంది. నోట్లో ఐసు ఉంటే మాట్లాడక్కర్లేదు. పళ్లు జివ్వుమని కళ్లంట నీళ్లు కారితే ఐసు మీదకి నెట్టీచ్చు. ఇద్దరం అలాగే కూర్చున్నాం, రైలుకి టైమవుతోందని అన్నయ్యగారు తొందరపెట్టేదాకా.

చివరికి నా చిలకపచ్చ చీర కట్టించాను. నా జాకెట్టు ఆవిడకి పట్టదు. అందుకని పైన చిలకపచ్చ చీర, లోపల టీ చుక్కల తెల్ల జాకెట్టు, ఆ వేషంతో ఆటో ఎక్కింది వదిన. ఇన్నేళ్ల స్నేహితురాలిని నేను సాగనంపిన తీరు అది. ఆటో కదిలాక తల బయటపెట్టి, "వాసన మాత్రం బ్రహ్మాండం సత్యా!" అని అరిచింది.

తెల్లచీర నా దగ్గరే ఉండిపోయింది. ఉతికాను, నానబెట్టాను, ఎండలో వేసాను. మరక పోలేదు.

నిన్న నాలుగింటికి అలవాటుకొద్దీ రెండు గ్లాసులు పోసి గోడ దగ్గరకి వెళ్లాను. అటు తలుపుకి తాళం. తిరిగొచ్చి రెండూ నేనే తాగి కూలర్ పక్కన కూర్చున్నాను. ఎన్నిసార్లు కడిగినా గడ్డికి పట్టిన పంచదార పోలేదు, కిటికీలోంచి ట్యాంకుదాకా చీమలు బారులు కట్టాయి. రుచి ఎలా ఉందో నాకు ఇప్పటికీ తెలీదు, వాటికి మాత్రం నచ్చినట్టుంది. మా ఆయన చీమలమందు తెస్తానన్నారు. నేనే వద్దన్నాను. నాలుగింటికి నా టీకి వచ్చేది ఇప్పుడు అవే కదా!