గట్టిపిండం

కొరియాలో గున్‌సాన్ రేవు వెనక వీధిలో ఆడవాళ్ళ జుట్టు కత్తిరించే దుకాణం మిరాన్‌ది. ఇక పిల్లలు పుట్టరనుకున్నాక, ముప్పై తొమ్మిదో ఏట కడుపు పండింది. కడుపులో ఉండగానే బిడ్డకో ముద్దుపేరు పెట్టడం అక్కడి ఆనవాయితీ, ఆ హక్కు నాదంటే నాదని అత్తగారు మల్‌సూన్ ముందే లాక్కుంది. తున్‌తునీ అంది. మన మాటలో చెప్పాలంటే గట్టిపిండం.

పేరుతో ఊరుకునే మనిషా! ఎద్దు ఎముకలు తెల్లగా మరిగించి, ఆ పులుసు గిన్నెతో దుకాణానికే వచ్చేది.

"తాగవే అమ్మాయ్! నీలా ఎండుపుల్ల పుడితే నేనెత్తుకోను, చెబుతున్నా" అనేది. ఆపైన పొట్టకు నోరానించి, "తున్‌తునీ! గట్టిగా తన్నరా! మీ అమ్మ చేతిలో కత్తెర ఎగిరిపోవాలి!" అని అరిచేది. జుట్టుకు రంగేసుకుని కూర్చున్న ఆడవాళ్ళు పడీ పడీ నవ్వేవారు.

ఐదో నెల నిండాక మిరాన్ స్కానింగ్‌కి వెళ్ళింది. "తున్‌తునీ, మొహం ఇటు తిప్పమ్మా" అంటూ గలగలా మాట్లాడుతున్న స్కానింగ్ అమ్మాయి ఉన్నట్టుండి నోరు మూసేసింది. డాక్టరమ్మ వచ్చి తెర చూసి, "పిండం తొడ ఎముకలు వంగి ఉన్నాయి" అంది. ఇందాకటిదాకా తున్‌తునీ, ఇప్పుడు పిండం.

జొంజు నగరంలో పెద్దాసుపత్రికి అత్తగారూ వెంట వెళ్ళింది. అక్కడి డాక్టరు మళ్ళీ స్కాన్ చేసి, దాచకుండా చెప్పాడు. ఎముకలు పుట్టుకతోనే పెళుసు. కడుపులోనే కొన్ని విరిగాయి. ఛాతీ ఎదగడం లేదు, పుట్టినా ఊపిరి అందడం కష్టం. తిండి వల్లా కాదు, వయసు వల్లా కాదు, ఎవరి తప్పూ లేదు. ఉంచుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం.

"తన్నినప్పుడు... అప్పుడు కూడా విరుగుతాయా?" అని అడిగింది మిరాన్.

"విరగొచ్చమ్మా."

బయటికొచ్చాక మల్‌సూన్ మొహం తిప్పుకుని, "ఇక ఆ పేరెత్తకు. పిలిచేకొద్దీ పాశం పెరుగుతుంది" అంది.

పెద్దావిడ కదా అని మిరాన్ ఊరుకుందా? ఊరుకోలేదు. "పేరు పెట్టింది మీరే కదా అత్తయ్యా! బాగున్నన్నాళ్ళూ మీ మనవడు, విరిగితే ఉత్త పిండమా? నేను తీయించుకోను. ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళు ఉంటాడు."

ఆ తరవాత చాలా రోజులు ముసలామె దుకాణం గడప తొక్కలేదు. మిరాన్ పని మానలేదు. ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కేలా ఉంది. బిడ్డ కదిలినప్పుడల్లా ఒకప్పుడు మురిసిపోయిన మనిషి, ఇప్పుడు ఊపిరి బిగబట్టి నిలబడిపోతోంది.

ఓ మధ్యాహ్నం మల్‌సూన్ వచ్చింది. చేతిలో గిన్నె లేదు. సరిగ్గా అప్పుడే మిరాన్ కత్తెర ఆపి, పెదవి కొరుక్కుంది. బిడ్డ కదిలిందని ముసలామెకు చెప్పనక్కర్లేకపోయింది. కింద రాలిన వెంట్రుకల మీదే మోకాళ్ళ మీద కూర్చుని పొట్టకు నోరానించింది. పాత హాస్యమే కాబోలని కుర్చీల్లో ఆడవాళ్ళు నవ్వడానికి సిద్ధమయ్యారు.

"తున్‌తునీ..." అంది మల్‌సూన్. "మెల్లిగా తన్నరా నా తండ్రీ. మెల్లిగా."