ఒకటో తారీఖు నుంచి సపోర్టు లేదు

టెక్కలిలో సూర్యప్రకాశ్ మాస్టారు నోటీసు ఇవ్వకుండా దేన్నీ వదిలిపెట్టరు. నోటీసు ఇచ్చాక అసలే వదిలిపెట్టరు. ఆయన గురించి తెలుసుకోవాల్సింది ఈ రెండు ముక్కలే. మిగతాదంతా వీటికి సాక్ష్యం.

చించిన క్యాలెండరు కాగితం వెనకవైపు ఎర్ర స్కెచ్ పెన్నుతో గుండ్రంగా రాస్తారు: "ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, వచ్చే ఒకటో తారీఖు నుంచి ఈ గొడుగుకు సపోర్టు ఉండదు. ఇట్లు, సూ.ప్ర." దాన్ని దారంతో గొడుగు పిడికి కట్టేస్తారు. ఒకటో తారీఖు వస్తుంది, దాంతోపాటు వానా వస్తుంది. పిడికి ఇంకో కాగితం చేరుతుంది: "గడువు పొడిగించడమైనది." ఏడేళ్లుగా ఇదే వరస. ఇప్పుడా గొడుగుకు ఊచలకన్నా కాగితాలే ఎక్కువ.

ఆయన ఎడమకాలి చెప్పుకూ నోటీసు ఉంది. దాని ఉంగరం తెగి రెండేళ్లయింది, రాగితీగతో కట్టుకుని తిరుగుతున్నారు. తను లెక్కలు చెప్పే కాలేజీ ఎదుట బంగారయ్య టీకొట్టుకు ఆరేళ్ల కిందటే నోటిమాటగా నోటీసు ఇచ్చారు.

"బంగారయ్యా, ఇది టీ కాదు, పానకం. ఒకటో తారీఖు నుంచి నీ కొట్టుకు నా సపోర్టు లేదు."

"అలగేలెండి బాబూ. ఈ పూటకి తాగీండి, సల్లారిపోతంది."

తాగుతారు. అదీ కూర్చుని కాదు. కొట్టు ముందు ఆ చివరి నుంచి ఈ చివరికి నడుస్తూ తాగుతారు. ఆయనకు కాలు ఒకచోట నిలవదు. లెక్కల పాఠం చెబుతూ చెబుతూ వరండాలోకి వెళ్లిపోతే పిల్లలు కిటికీలోంచి వింటారు. "పెళ్లిపీటల మీంచే రెండుసార్లు లేచారమ్మా. మూడోసారి లేవకుండా మా నాన్న పంచె పట్టుకు కూర్చున్నారు" అంటారు ఆయన భార్య త్రిపురసుందరి గారు.

ఇదంతా చూసి ఊరు నవ్వుకునేది. ప్రసూనకు మాత్రం నవ్వు వచ్చేది కాదు, ఒళ్లు మండేది.

ప్రసూన అదే కాలేజీలో కంప్యూటర్లు చెబుతుంది. మాస్టారూ ఆమే కలిసి 'గంటపలుకు' అనే లైబ్రరీని నడుపుతున్నారు. లైబ్రరీ అంటే పుస్తకాలూ బీరువాలూ కాదు. ఎవరైనా ఉచితంగా తీసుకుని తమ ప్రోగ్రాములో కలుపుకోగల కోడు. తారీఖులనూ గంటలనూ చక్కటి తెలుగు మాటల్లోకి మార్చడం దాని పని. పన్నెండేళ్ల కిందట మాస్టారు మొదటి వెర్షను రాశారు. ప్రసూన రెండేళ్లు కష్టపడి కొత్త వెర్షను రాసింది. కొత్తది వచ్చినా పాతది పోలేదు. ఒక తప్పు దొరికితే రెండుచోట్లా దిద్దాలి, ఒక వసతి పెడితే రెండుచోట్లా పెట్టాలి. ఇంట్లో ఒకరికి ఉప్పుతో, ఒకరికి ఉప్పు లేకుండా రోజూ రెండు వంటలు చేస్తున్నట్టే ఉండేది ఆమెకు.

"పాతదానికి సపోర్టు ఆపేద్దాం మాస్టారూ" అంది.

"తప్పకుండా! నోటీసు ఇచ్చేద్దాం" అన్నారు మాస్టారు హుషారుగా. ఆయనతో వచ్చిన చిక్కే అది.

నోటీసు రాసి కాలేజీ బోర్డుకు కూడా అంటించారు: "లైబ్రరీలోని పాతవన్నీ ఒకటో తారీఖు నుంచి తీసివేయబడును." ఒకటో తారీఖు పొద్దున్నే పాత కాగితాలు కొనే అప్పలసూరి తక్కెడా గోనెసంచీ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"పాత పుత్తకాలు ఎక్కడున్నాయి బాబూ?"

"పుస్తకాలు కాదయ్యా, వెర్షన్లు."

"ఏటైనా పర్నేదు బాబూ. కేజీల్లెక్కన తీసుకుంతాను."

అప్పలసూరి ఉత్త సంచితో వెళ్లిపోయాడు. ఆ సాయంత్రమే బోర్డు మీద కొత్త కాగితం వెలిసింది: "గడువు పొడిగించడమైనది." అది మొదటి పొడిగింపు. పదకొండోది వచ్చేసరికి ప్రసూనకు ఓపిక చచ్చిపోయింది.

"అసలు ఎవరి కోసం మాస్టారూ ఇదంతా?"

"ఉన్నారులే ఒకరిద్దరు" అంటూ ఆయన వరండాలోకి నడిచిపోయారు.

పోనీ సెలవురోజు కూర్చోబెట్టి తేల్చుకుందామంటే ఆదివారం ఆయన ఇంట్లో దొరకరు. పొద్దున్నే గొడుగు పట్టుకుని బస్సెక్కితే దీపాలవేళకు ఏదో ఒకటి మోసుకొస్తారు. ఒకసారి కొబ్బరిబోండాలు, ఒకసారి పచ్చి జీడిపిక్కలు. ఒకసారైతే పొట్లం విప్పి చూస్తే ఎండుచేపలు! త్రిపురసుందరి గారు ముక్కు మూసుకుని పెరట్లోకి పరుగెత్తారు. "ప్రేమగా ఇచ్చారు, కాదంటే ఏం బావుంటుంది?" అని మాస్టారు దాన్ని పట్టుకెళ్లి బంగారయ్యకిచ్చారు. ఎవరిచ్చారో మాత్రం చెప్పలేదు. ఇక్కడ తను రెండు వంటలు వండుతుంటే ఆయన షికార్లు కొడుతున్నారని ప్రసూన పళ్లు నూరుకుంది.

పన్నెండో గడువు దగ్గరపడింది. ఆదివారం మాస్టారు బస్సెక్కగానే ప్రసూన కంప్యూటరు ముందు కూర్చుంది. పాత వెర్షను ఎప్పుడు పనిచేసినా ముందు ఒక హెచ్చరిక కనిపించేలా చిన్న మార్పు చేసి విడుదల చేసింది. మాటలు కూడా తన సొంతం కాదు, అప్పలసూరి వచ్చిపోయాక మాస్టారు మార్చి రాసిన నోటీసులోంచే దింపింది. "పాతవారికి ఒకటో తారీఖు నుంచి సపోర్టు ఉండదు. కొత్తవారికి మాత్రమే ఉండును. ఇట్లు, సూ.ప్ర." 'ఇప్పుడు పొడిగించండి చూద్దాం' అనుకుంది.

సోమవారం మధ్యాహ్నం ఒంటిగంటకు ఫోను మోగింది.

"మేడమ్, నాను శ్రావణిని. అక్కుపల్లి పక్కూరు నుంచి మాటాడతన్నాను. మాస్టారు ఫోనెత్తట్నేదు. మీ నంబరిచ్చుంచారు. కొంప మునిగిపోనాది మేడమ్!"

ఆ ఊళ్లో ఒక స్వచ్ఛంద సంస్థ డయాలసిస్ వాళ్ల కోసం వ్యాను నడుపుతోంది. శ్రావణి ఆ వ్యాను లెక్కలు చూస్తుంది. ముందురోజు మధ్యాహ్నం ఆమె కంప్యూటరు తనంతట తానే అందరికీ ఫోన్లు చేసి, రేపు వ్యాను ఎన్నింటికొస్తుందో తెలుగులో చెబుతుంది. ఆ గంటను మాటల్లోకి మార్చేది గంటపలుకు పాత వెర్షనే. అది ఏ ముక్క ఇస్తే ఆ ముక్క ఫోను చదివేస్తుంది. ప్రసూన చేసిన మార్పు రాత్రికి రాత్రే దానంతట అదే అందులోకి చేరడంతో, ఈవేళ అది మొదట హెచ్చరిక ఇచ్చింది. ఫోను దాన్నే గంభీరంగా చదివింది.

"తొమ్మిది ఇళ్లకెల్లిపోయినాది మేడమ్! పాతోలికి ఒకటో తారీకు నుంచి బండి ఉండదని ఊరంతా గోల. అసిరమ్మప్ప రేపట్నుంచే బండెక్కనంటంది. కూతురింటికి ఎల్లిపోతానని మూట కట్టీసింది."

డయాలసిస్ ఒక్క విడత తప్పితే ఏమవుతుందో, ఇంటింటా కిడ్నీ జబ్బులున్న ఆ ఉద్దానంలో ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు. ప్రసూన ఫోను పెట్టీపెట్టకముందే కంప్యూటరు తెరిచింది. హెచ్చరికను అప్పటికప్పుడు వెనక్కి తీసేసింది. కానీ చెవుల్లో పడ్డ మాటను వెనక్కి తీసే మీట ఏ కంప్యూటరులోనూ ఉండదు. పరుగెత్తి మాస్టారికి చెప్పింది. తిడతారనుకుంది. ఆయన సుద్దముక్క బల్ల మీద పెట్టి గొడుగు అందుకున్నారు.

"పద. పలాస బస్సుకి ఏడు నిమిషాలుంది."

బస్సులోనూ ఆయన కూర్చోలేదు. పలాసలో ఆటో ఎక్కాక తప్పక కూర్చున్నారు గానీ, జీడితోటలు దాటేదాకా మోకాళ్లు ఆడిస్తూనే ఉన్నారు. ఊళ్లో దిగీదిగగానే ఒక ముసలాయన అరుగు మీంచి కేకేశాడు. "నోటీసుబాబొచ్చినారు! ఏటి బాబూ, నిన్ననే గదా వచ్చినారు?"

ప్రసూన మాస్టారి వైపు చూసింది. మాస్టారు కొబ్బరిచెట్ల వైపు చూశారు.

"ప్రెతీ ఆదివారం ఈయన ఎక్కడో అక్కడుంతారు మేడమ్" అంది ఎదురొచ్చిన శ్రావణి. "అక్కుపల్లి సేపల సంఘంలో కంప్యూటర్ని కొత్తదానికి మార్సినారు, జీడిపిక్కల బట్టీలో మార్సినారు. ఈయన నోటీసిచ్చినారంటే మనింటికొచ్చి చేసిపెడతారని అర్తం."

మాస్టారు ఇబ్బందిగా జేబులోంచి ఒక మడతల కాగితం తీసి ప్రసూనకు చూపించారు. పాత వెర్షను వాడేవాళ్ల పేర్లు నలభై ఒకటి, ఎర్రసిరాతో. నలభై కొట్టేసి ఉన్నాయి. ఎండుచేపలు ఎక్కడివో ప్రసూనకు అప్పుడు తెలిసింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయింది.

ఒక్కో ఇల్లూ తిరిగి చెప్పుకుంటూ వచ్చారు. ఎనిమిది ఇళ్లు నమ్మాయి. తొమ్మిదో ఇల్లు అసిరమ్మది. ఆమె మూట పక్కన పెట్టుకుని గుమ్మంలో కూర్చుని ఉంది.

"ఆ సూప్ర అనీవోడెవడో నాకు సూపించండి ముందు" అంది. "ఆరేల్లుగా ఆ బండెక్కుతన్నాను. నాకంటే పాతోలు ఎవులున్నారిక్కడ? నన్ను ఒగ్గీడానికి ఆడెవడు?"

ప్రసూన నోరు తెరిచేలోపే మాస్టారు ముందుకొచ్చారు. "ఆ సూప్ర నేనేనమ్మా. తప్పు నాదే."

"నువ్వా బాబూ!" అసిరమ్మ ముఖం వాడిపోయింది. "నువ్వు కూడా ఒగ్గేత్తావేటి?"

మాస్టారు అటూ ఇటూ రెండుసార్లు నడిచారు. వెర్షను అన్నారు, ప్రోగ్రామన్నారు. అసిరమ్మ ముఖంలో మార్పు లేదు. చివరికి చంకలోని గొడుగు తీసి ఆమె ఒళ్లో పెట్టారు.

"ఇది చూడమ్మా. ఒకటో తారీఖు నుంచి దీనికి సపోర్టు లేదని ఏడేళ్ల కిందట నోటీసు ఇచ్చాను. ఇదిగో, మొదటి కాగితం. ఏం, వదిలేశానా, ఒగ్గేశానా?"

అసిరమ్మకు చదువు రాదు, లెక్క వచ్చు. పిడికి వేలాడే కాగితాలను ఒక్కొక్కటే వేలితో తిప్పింది. ఇరవై దాటేసరికి పెదవులు బిగబట్టింది. ముప్పై దగ్గర పక్కున నవ్వింది. "ఓలమ్మో! ఈ బాబు నోటీసిచ్చినాడంటే నూరేల్లు బతికిపోవచ్చు" అని మూట లోపలికి విసిరేసింది. "సరే, రేపు బండి ఎన్నింటికి?"

"ఏడు గంటల ముప్పై నిమిషాలకమ్మా" అంది ప్రసూన సంతోషంగా. కొత్త వెర్షను అలాగే చెబుతుంది. పావుతక్కువలూ అరలూ మోటుగా ఉన్నాయని ఆమె తీసేసింది.

"ముప్పయ్యో తారీకా? రేపు కాదేటి?"

"ఏడున్నరకి అప్పా!" అంది శ్రావణి గబగబా.

"అలగ సెప్పు. ఏడున్నర!"

ప్రసూన మళ్లీ మాస్టారి వైపు చూసింది. ఆయన గొడుగు ఊచలు లెక్కపెడుతున్నారు.

తిరుగుబస్సులో అడిగేసింది. "మీకు ముందే తెలుసు కదూ?"

"మూడు వారాల కిందట శ్రావణి కంప్యూటరులో కొత్తది పెట్టి చూశాను. ముగ్గురు ముప్పయ్యో తారీఖు అనుకున్నారు. మళ్లీ పాతదే పెట్టేశాను."

"మరి నాతో ఎందుకు చెప్పలేదు? మీరు తేల్చలేక నానుస్తున్నారని ఎన్ని మాటలన్నాను!"

మాస్టారు బస్సు కమ్మీ పట్టుకుని కాసేపు ఊగారు. "రెండేళ్లు నిద్ర మానుకుని రాశావు. ఎలా చెప్పను? చెబుదామని నాకు నేనే నోటీసు ఇచ్చుకున్నాను. గడువు పొడిగించాను."

ప్రసూనకు నవ్వొచ్చింది, కళ్లూ చెమ్మగిల్లాయి. అంతలో కండక్టరు వచ్చి చిల్లర అడగడంతో రెండూ ఆగిపోయాయి.

వారం తిరక్కుండా కొత్త వెర్షనుకు ఏడున్నర నేర్పింది. ఏడుంబావూ పావుతక్కువ ఎనిమిదీ కూడా నేర్పింది. మరుసటి నెల మొదటి రెండు ఆదివారాలూ మాస్టారితో పాటు బస్సెక్కింది. మొదటి ఆదివారం శ్రావణి కంప్యూటరు మార్చారు. వారమంతా ఎవరూ తడబడకపోవడంతో, రెండో ఆదివారం అసిరమ్మ అరుగు మీద మాస్టారు మడతల కాగితం తీసి నలభై ఒకటో పేరు కొట్టేశారు. ప్రసూన పక్కనే కంప్యూటరు తెరిచి పాత వెర్షనుకు సపోర్టు ఆపేసింది. నోటీసు ఇచ్చాక మాస్టారు నిజంగా వదిలిపెట్టినది జీవితంలో అదొక్కటే. ఆ కాస్త సమయంలో ఆయన ఐదుసార్లు లేచి ఐదుసార్లు కూర్చున్నారు.

వెళ్లబోతూ చూసుకుంటే గుమ్మం దగ్గర విడిచిన చెప్పులకు ఒక క్యాలెండరు కాగితం కట్టి ఉంది. అసిరమ్మ చెబుతుంటే శ్రావణి రాసినట్టుంది. "ఒకటో తారీకు నుంచి ఈ సెప్పులకి సపోర్టు నేదు. ఇట్లు, అసిరమ్మ." పక్కనే కొత్త చెప్పులజత.

మాస్టారు రెండుసార్లు చదువుకున్నారు. కొత్త చెప్పులు తొడుక్కుని వాకిట్లో అటూ ఇటూ నడిచి చూశారు. తర్వాత వంగి, రాగితీగ కట్టిన పాతజతను జాగ్రత్తగా సంచిలో పెట్టుకున్నారు.

"అవెందుకు మాస్టారూ?" అంది ప్రసూన.

"ఒకటో తారీఖుకి ఇంకా పద్దెనిమిది రోజులుంది" అన్నారు మాస్టారు.