రఖమాబాయి పదహారు గంటల ప్రయాణం

నాందేడ్‌లో కొత్త మోండా మార్కెట్ దగ్గర, మందుల దుకాణం పైన రెండో అంతస్తులో ఒక విమానం ఉంది. అది ఎగరదు. పాత ట్రావెల్స్ బస్సు నుంచి విప్పి తెచ్చిన పన్నెండు సీట్లు, వాటికి కుట్టించిన బెల్టులు, గోడకు అతికించిన మబ్బుల బొమ్మలు, వెల్డింగ్ దుకాణంలో చేయించిన ఒక తోపుడు బండి, అదీ దాని సంపద. విమానాల్లో కొలువు కోసం ఆ క్లాసులో చేరిన అమ్మాయిలు దూరదేశాల ప్రయాణికులకు ఎట్లా వడ్డించాలో అక్కడే నేర్చుకుంటారు. పదహారు గంటల ప్రయాణంలో భోజనం ఎన్నిసార్లు పెట్టాలి, వేడి తువ్వాలు ఎప్పుడివ్వాలి, నిద్రపోయిన మనిషిని అన్నానికి లేపాలా వద్దా, ఇవే వాళ్ళ పాఠాలు.

ఆ విమానంలో అందరికంటే ఎక్కువ తిరిగింది రఖమాబాయి. పొద్దున్నే వచ్చి నేల ఊడుస్తుంది, సీట్లు తుడుస్తుంది, చేతులు కడుక్కుని కిటికీ పక్కన కూర్చుంటుంది. నాలుగేళ్ళుగా ఆమే ప్రయాణికురాలు. ఖాళీ డబ్బాల ట్రే ముందు పెడితే తిన్నట్టు నటిస్తుంది. దుప్పటి కప్పితే మాత్రం నటించదు, నిజంగానే గురక పెడుతుంది.

"ఎన్ని దేశాలు చూసినవ్ పెద్దమ్మా?" అని పిల్లలు ఆట పట్టిస్తారు.

"లండన్ నాలుగొందల సార్లు పోయిన. ఒక్కసారన్న దిగనిచ్చిన్రా మీరు?"

ఇట్లా నవ్వుతూ సాగే పనిలో ఆమెకు ఒక్కటే ముల్లు. ఆరు నెలల కింద పరీక్షలో దీపాలి ఆమె వల్లే తప్పింది.

దీపాలిది ధర్మాబాద్ పక్క పల్లె. రోజూ రైల్లో వచ్చిపోతుంది. పరీక్షలో పది మార్కులు ఫిర్యాదుకు. భోజనం బాగా లేదని ప్రయాణికురాలు అనాలి, అమ్మాయి ఆమెను సముదాయించాలి. తోటి పిల్లలైతే ఒకరికొకరు సాయం చేసుకుంటారని ఒక్కొక్కరికి ఒక్కో బయటి మనిషిని కూర్చోబెడతారు. దీపాలికి రఖమాబాయి వచ్చింది, పరీక్షలో కూర్చోవడం ఆమెకు అదే మొదలు. ఆ రోజు దీపాలి "భోజనం ఎట్లుంది మేడం?" అని అడిగింది. రఖమాబాయి నోట "మంచిగుంది బిడ్డా" అనే వచ్చింది. రెండోసారి అడిగినా అదే మాట. ఫిర్యాదే లేనప్పుడు నేను దేనికి మార్కులు వేయాలి అంది పుణె నుంచి వచ్చిన పరీక్షకురాలు. ఎనిమిది మార్కులు తక్కువై దీపాలి ఆగిపోయింది. ఇంకొక్కసారే అవకాశం ఉంది, అదీ అదే ప్రయాణికురాలితో. అది ఈ శుక్రవారం.

క్లాసు చెప్పే స్నేహల్ వారం రోజులుగా రఖమాబాయిని కూర్చోబెట్టి సాధన చేయిస్తోంది. "మావషీ, సోపం ఆహే, అల్కటి పనే. సల్లగైంది, తీస్కపో అనుండ్రి. గంతే!" అని పిన్నిని పిలిచినట్టు పిలిచి, మరాఠీ, తెలుగు కలిపి బతిమాలేది.

ఆ మాట రఖమాబాయి నోట వచ్చేది కాదు.

"ఒట్టి డబ్బనే గద పెద్దమ్మా, దాన్ని తిడితె ఏమైతది?" అంది దీపాలి ఒకరోజు.

రఖమాబాయి చెప్పింది. "నాకు పదేండ్లప్పుడు మా అవ్వతోని కలుపుకు పోయిన. మద్యాన్నం దొరసాని ఇంటెనుక అర్గు మీద కూడు పెట్టింది. పప్పు పులిసింది అన్న. అవ్వ తొడ మీద గిచ్చింది, రక్తమచ్చింది. పెట్టిన కూటికి వంక పెట్టొద్దే అన్నది. మర్నాడు మమ్ముల పిలువలే. వారం దినాలు ఎవ్వరు పిలువలే."

దీపాలి ఆ ఖాళీ డబ్బా పక్కకు తీసింది. "కాకపోతె పాయె తీ. ఓడిపోవుడు నాకు అలవాటే," అని నవ్వింది. ఆ నవ్వు రఖమాబాయిని ఇంటిదాకా వెంబడించింది.

శుక్రవారం పరీక్ష కాబట్టి నిజమైన భోజనం తెప్పించారు. మూల మీది ఖానావళి హోటల్ నుంచి తొమ్మిదింటికే పలావు, బఠాణీ కూర, ఒక గులాబ్ జామూన్ వచ్చాయి. పరీక్షకురాలు వచ్చేసరికి పదకొండున్నర దాటింది. దీపాలి బండి తోసుకొచ్చి, ట్రే పెట్టి, మూత తీసింది. మెతుకులు ముద్దగా అతుక్కున్నాయి. అంచుల్లో నెయ్యి తెల్లగా పేరుకుంది.

"భోజనం ఎట్లుంది మేడం?"

రఖమాబాయి ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. "మంచి" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. దీపాలి వేళ్ళు ట్రే అంచును వదల్లేదు. పరీక్షకురాలు కలం ఎత్తి పట్టుకుని చూస్తోంది. రఖమాబాయి ముద్దతోపాటు ఆ మాటనూ మింగేసింది.

"సల్లగైంది," అంది, తనకే వినిపించనంత మెల్లగా. తర్వాత కొంచెం గట్టిగా, "పలావు సల్లగైంది. నెయ్యి గడ్డ కట్టింది. ఇది నేను తినను. ఏడి చేసి తే."

అనేసి తొడ బిగబట్టుకుంది. ఎవరూ గిచ్చలేదు.

దీపాలి మోకాళ్ళ మీద వంగి, ఆమె కళ్ళకు సమంగా ముఖం తెచ్చింది. "తప్పు మాదే మేడం. ఇప్పుడే ఏడి చేసి తెస్త. అందాక జెర నీళ్ళు తాగుండ్రి."

పరదా వెనక ఓవెన్ గుయ్యిమంది. ట్రే తిరిగి వచ్చేటప్పటికి మూత కింద నుంచి ఆవిరి లేస్తోంది.

"ఇప్పుడెట్లుంది మేడం?"

రఖమాబాయి ఈసారి తీరిగ్గా నమిలింది. "ఏడిగుంది. ఉప్పు తక్కువైంది."

ఇది ఎవరూ నేర్పని మాట. స్నేహల్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. దీపాలి రెప్పపాటు తడబడి, ఏప్రన్ జేబులోంచి ఉప్పు పొట్లం తీసి, చించి అందించింది. పరీక్షకురాలు నవ్వుతూ కాగితం మీద రాసింది. ఆమె వెనక నిలబడిన స్నేహల్ రెండు చేతుల వేళ్ళతో దీపాలికి పదికి తొమ్మిది అని చూపించింది.

"అయిపోయింది, మావషీ లేవొచ్చు," అంది పరీక్షకురాలు. "తర్వాతి అమ్మాయిని పిలవండి."

రఖమాబాయి లేవలేదు.

"జెర ఆగుండ్రి. నేనింక తింటున్న."

పరీక్షకురాలు గడియారం చూసుకుంది. దీపాలి మాత్రం బండి పక్కన చేతులు కట్టుకుని నిలబడిపోయింది. ప్రయాణికురాలు తినడం ముగించేదాకా ట్రే ఎత్తకూడదు, అది ఆ క్లాసులో మొదటి పాఠం. రఖమాబాయి పలావు పూర్తి చేసింది, బఠాణీలు ఒక్కొక్కటే ఏరుకు తింది, గులాబ్ జామూన్ పాకం వేలితో తుడిచి నాకింది. ఆ తర్వాతే బెల్టు విప్పింది.