పసుపు తిరిగిన నీళ్లు

మా ఊళ్లో నీళ్ల పరీక్ష చేసేది మునిరత్నమ్మ అత్త. ఆమెకు చదువు రాదు. రంగు చూసి ఆమె చెప్తే నోటుబుక్కులో నేను రాసేదాన్ని. ఏడో తరగతితో బడి మానేసిన నాకు ఆ మాత్రం చేతనయ్యేది.

2006లో ఒక సంస్థవాళ్లు ఊరికొకరిని బాగేపల్లికి పిలిచి నేర్పించారు. గాజుగొట్టం, మందుసీసా, రంగుల అట్ట ఇచ్చారు. నీళ్లలో మందుచుక్క వేస్తే గులాబీ రంగు నిలవాలి. పసుపుకు తిరిగితే ఫ్లోరైడ్ ఎక్కువని అర్థం. ఏళ్ల తరబడి తాగితే ఎముకలు బిగుసుకుపోతాయి. మా పాత బోరు నీళ్లు ఎప్పుడు చూసినా పసుపే. బడి దగ్గరున్న వాననీళ్ల తొట్టి ఒక్కటే గులాబీ.

ఆ ఎండాకాలం ఎనిమిది వందల అడుగుల్లో కొత్త బోరు పడింది. పూజ కాగానే అందరి ముందూ అత్త గొట్టంలో ఆ నీళ్లు పట్టి చుక్క వేసింది. కాసేపు ఏమీ కాలేదు. తర్వాత లోపల ఎవరో కలుపుతున్నట్టు నీళ్లు నిండు పసుపుకు తిరిగాయి.

"చూడండప్పా, గంగమ్మ మన పసుపు తీసుకొనుండాది!" అన్నాడు ఊరిపెద్ద రామప్ప. ఆడవాళ్లు దండం పెట్టారు.

"అది చెడ్డ రంగు అప్పా. తాగొద్దండి," అంది అత్త.

"అమ్మవారి పసుపులో చెడ్డ యాడుండాది? సంస్థోళ్లు నీ బుద్ధికీ చుక్క ఏసినారా?"

అందరూ నవ్వారు. అత్త కోడలు నేత్ర కూడా నవ్వింది. చింతామణి నుంచి కాపురానికి వచ్చి ఏడాది కాలేదు. అప్పటికి ఐదో నెల కడుపుతో ఉంది.

"పుట్టే బిడ్డకు అమ్మవారి నీళ్లే కదత్తా," అంటూ బిందె నింపింది.

అత్త ఇంటికి రాగానే ఆ బిందె వంచేసింది. తెల్లవారేసరికి మళ్లీ నిండి ఉంది. మూడు రోజులు అంతే. ఇంట్లో ఏ చెంబులో చుక్క వేసినా పసుపే.

నాలుగో పొద్దున బోరు దగ్గర జనం వరుసగా నిలబడి ఉన్నారు. అత్త వెనకనుంచి గట్టిగా పిలిచింది. "రామప్పా! అందరూ ఒక తూరి ఇట్ల చూడండి!"

తిరిగారు. పెద్దవాళ్లలో ఒక్కరి మెడా కదల్లేదు. భుజాలు, నడుములు, పాదాలు కలిసి, కొయ్యబొమ్మల్లా మనుషులే మొత్తంగా తిరిగారు. తల మాత్రం తిప్పి చూసింది నేత్ర ఒక్కతే.

ఆమె ఆ ముఖాలన్నీ వరుసగా చూసింది. ఎవరూ నవ్వలేదు. మెల్లగా బిందె వంచేసి బడివైపు నడిచింది. అత్త ఆమె వెంట వెళ్లింది.

నన్ను వెనకనుంచి ఎవరో పేరుపెట్టి పిలిచారు. నేను తిరగలేదు. నా మెడ తిరుగుతుందో లేదో ఆ పూట తెలుసుకోవాలనిపించలేదు.