మా పాప ముక్కులో పండిన పంట

నెల రోజుల వీసా మీద దోహా వచ్చిన కన్నకూతురికి పన్నెండు రోజులపాటు ముఖం చూపించని తండ్రిని నేను. ఇంట్లోనే ఉన్నాను, మాస్కు వేసుకుని ఉన్నాను. ఎలా జరిగిందో చెబుతాను. మధ్యలో నవ్వొస్తే మొహమాటపడకండి, మా చుట్టాలంతా నవ్వాక మిగిలింది మీరే.

ఇది తొంభైల నాటి సంగతి. కాకినాడ నుంచి వెళ్లి దోహాలో ఒక క్లినిక్ ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా చేరి రెండేళ్లయింది. అన్నాళ్లూ రక్తం, మూత్రం పరీక్షలు చేసిన నన్ను ఆ వేసవికి ముందు బాక్టీరియా పెంచే బల్ల దగ్గరికి మార్చారు. ముక్కులోంచో గొంతులోంచో దూది పుల్లతో తీసిన తడిని ఎర్రటి ప్లేట్ మీద రాసి వెచ్చటి పెట్టెలో ఉంచితే, మర్నాటికి అందులోని బాక్టీరియా చుక్కలు చుక్కలుగా మొలుస్తుంది. ఆ చుక్కల్ని చూసి పేరు చెప్పాలి. మూడు నెలల్లో నాలుగు పేర్లు నేర్చుకున్నాను. ఖతార్‌లో ఉన్న సూక్ష్మజీవులన్నీ నా పేరు చెబితే వణుకుతున్నాయని గట్టిగా నమ్మాను.

సరిగ్గా అప్పుడే మా ఆవిడ సుజాత, బడికి వేసవి సెలవులు ఇవ్వగానే, పాపను తీసుకుని వచ్చింది. తను టీచరు, సెలవులు దాటి ఒక్క రోజు కూడా ఉండలేదు. పాప హారికకు ఐదేళ్లు. నేను వచ్చేసినప్పుడు మూడేళ్లది. ఎయిర్‌పోర్టులో నన్ను చూసి తల్లి కొంగు వెనక దాక్కుంది.

"నాన్నే, వెళ్లు" అంది సుజాత.

"నాన్న ఫోన్లో ఉంటాడు" అంది పాప.

మొదటి నాలుగు రోజులు నన్ను "ఆయన" అంది. ఆరో రోజు సాయంత్రం సముద్రపు ఒడ్డున కార్నిష్ రోడ్డు మీద నడుస్తుంటే నా వేలు పట్టుకుంది. ఎనిమిదో రోజు నా భుజం మీద నిద్రపోయి, చొంగతో చొక్కా తడిపేసింది. ఆ చొక్కా ఉతకొద్దని సుజాతతో చెప్పాను. అంత సంతోషం మనిషిని ఊరికే ఉండనిస్తుందా? తొమ్మిదో రోజు ల్యాబ్ నుంచి ఒక దూది పుల్ల జేబులో వేసుకుని ఇంటికి వచ్చాను.

"ఎందుకండీ అది?" అంది సుజాత.

"మీ ఆయన ఏం పని చేస్తాడో నీకు తెలియొద్దూ? పాప ముక్కులో తీసి ప్లేట్ మీద వేస్తాను. ఏమీ మొలవదు చూడు. మన పెంపకం అలాంటిది."

పాప నన్ను నమ్మి తల పైకెత్తింది. పుల్ల పెట్టగానే కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ ఏడవలేదు.

రెండో రోజుకి ఆ ప్లేట్ మీద పంట పండింది. చుట్టూ పచ్చటి వలయం, నడుమ చిన్న గుంట ఉన్న చుక్కలు. నాకు తెలిసిన నాలుగు పేర్లలో ఒకటి. న్యుమోకాకస్. న్యుమోనియా తెచ్చేది అదే. మా పెద్ద డాక్టరు సలీమా మేడమ్‌ను అడిగితే సరిపోయేది. కానీ అడిగితే ల్యాబ్ ప్లేట్ సొంతానికి వాడానని తెలిసిపోతుంది. పరువు దాచుకున్నాను. పాపను గదిలో పెట్టాను.

ఫరీజ్ అబ్దుల్ అజీజ్ పేటలో మాది ఒకే పడకగది ఉన్న వాటా. గదిలో తల్లీ పిల్లా, హాల్లో నేను. పాపకు వేరే కంచం, వేరే గ్లాసు, వేరే తువ్వాలు. దాని చెంచాలు గిన్నెలో వేసి పప్పు ఉడికించినట్టు ఉడికించాను. కింది వాటా పిల్లలు ఆడుకుందామని వస్తే గుమ్మంలోంచే పంపేశాను. మా ల్యాబ్‌లో వైరస్‌లు చూసే ఏర్పాటు లేదు కాబట్టి సరిపోయింది. ఉండి ఉంటే, పిల్లను పడవెక్కించి సముద్రం మధ్యలో ఉంచేవాణ్ణేమో.

"పిల్లకి ఒంట్లో బాగానే ఉంది కదండీ" అంది సుజాత. "అన్నం తింటోంది, గంతులేస్తోంది."

"నీకు తెలియదు. లోపల ఉంది."

"మరి మీరు దాన్ని ముట్టుకోకపోతే లోపలిది బయటికి పోతుందా?"

మందుల షాపుకు వెళ్లి గులాబీ రంగు యాంటీబయాటిక్ సిరప్ తెచ్చాను. మూడు పూటలు వేసేసరికి పాపకు విరేచనాలు పట్టుకున్నాయి. అంతవరకూ ఏ జబ్బూ లేని పిల్లకు ఒక జబ్బు తెచ్చిపెట్టిన ఘనత నాది. సుజాత ఆ సీసాను తీసుకెళ్లి సింకులో వంపేసింది.

పాప తలుపు సందులోంచి చూసి అడిగేది. "నాన్నా, నా ముక్కులో పురుగులు పోయాయా?"

"ఇంకో రెండు రోజులమ్మా" అనేవాణ్ణి, మాస్కులోంచి.

అలా పన్నెండు రోజులు. చివరికి మళ్లీ పుల్ల పెట్టి చూశాను. ఈసారి ఒకటి కాదు, రెండు రకాలు మొలిచాయి. ఇక పరువు సంగతి మరిచిపోయి ఆ ప్లేట్లు పట్టుకుని సలీమా మేడమ్ గదిలోకి పోయాను. ఆవిడది కరీంనగర్.

"ఏమైందయ్యా, మొఖం గట్ల పెట్టినవ్?"

"మా పాప, మేడమ్..."

"జరమున్నదా?"

"లేదు."

"దగ్గు? ఆయాసం?"

"లేవు."

"తింటున్నదా, ఆడుతున్నదా?"

"తింటోంది. ఆడుకోనివ్వట్లేదు."

ఆవిడ ప్లేట్లు వెలుగులో పెట్టి చూసింది. "రోగం ప్లేట్‌కున్నదా, పిల్లకున్నదా?"

ఆవిడ కుర్చీ చూపించింది.

"నేను ఆస్ట్రేలియాల నాలుగేండ్లు పనిజేసిన. ఆదివాసీల ఊర్లకు పోయి, మంచిగున్న పిల్లల ముక్కులకెల్లి శాంపిల్ తీసుడే నా డ్యూటీ. ఎండల ఉరుక్కుంట బంతాట ఆడే పిల్లలు. పుట్టిన కొన్ని వారాలకే ఇవన్నీ ముక్కులల్ల చేరుతుండె. ఒక్కో పిల్లకు రెండు తీర్లు, మూడు తీర్లు. వైరస్‌లు ఇవి గాక అలగ్. కొందరికి చెవులల్ల చీము పట్టేది, ఇండ్లు ఇరుకు, నీళ్లు సక్కగ రాకపోవుడు, అది వేరే బాధ. ఉన్నంత మాత్రాన రోగం గాదు. ఏ దేశం పిల్లలకైనా ముక్కులల్ల ఇవి ఉంటయ్. నీ బిడ్డకుంటే వింతేమున్నది?"

"మరి అక్కడ తల్లులు ఏం చేసేవారు, మేడమ్?"

"ఏం జేస్తరు? నేను పుల్ల తియ్యంగనే పిల్లను గుండెలకు అద్దుకునేటోళ్లు." ఆవిడ నా వైపు చూసింది. "నువ్వేం జేసినవ్?"

చెప్పాను. మొత్తం చెప్పాను. ఆవిడ తిట్టలేదు. వీసా ఎన్నాళ్లని మాత్రం అడిగింది. నెల అన్నాను. ఆవిడ పెదవులు కదిపి లెక్క వేసుకుని, ప్లేట్లు పక్కన పెట్టి, "ఇంటికి పో" అంది. మధ్యాహ్నం రెండు కూడా కాలేదు.

మాస్కు తీసి చెత్తబుట్టలో పడేసి, ఇంటికి పోయి గది తలుపు బార్లా తెరిచాను. పాప మంచం మీద కూర్చుని బొమ్మలు వేస్తోంది. చేతులు చాపాను. అది వెనక్కి జరిగి, గౌను అంచు ఎత్తి ముక్కు మూసుకుంది.

"రాకు నాన్నా. నీకు అంటుకుంటాయి."

"ఏమీ లేవమ్మా. నాన్న తప్పు చెప్పాడు."

"ఉన్నాయి. నువ్వే చూశావుగా."

పెద్ద చదువు చదివిన మేడమ్ ఒక్క మాటతో నా భయం పోగొట్టింది. నేను పన్నెండు రోజులు కష్టపడి నేర్పిన భయం మిగిలిన తొమ్మిది రోజుల్లో పాపను వదల్లేదు. కార్నిష్‌కు తీసుకెళ్లాను, ఐస్‌క్రీమ్ కొనిచ్చాను, నేలమీద పడుకుని గుర్రమయ్యాను. అన్నిటికీ నవ్వేది, చేయి చాపినంత దూరంలోనే నిలబడేది. నిద్రలో కూడా ముఖం గోడవైపే.

తిరుగు ప్రయాణం రోజు ఎయిర్‌పోర్టులో సుజాత సామాను ఇచ్చి వచ్చింది. "వెళ్తామండీ" అంది. నేను పాప ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను గానీ దగ్గరికి లాక్కోలేదు. అది కాసేపు నన్నే చూసింది. తర్వాత ఏదో ఉపాయం తట్టినట్టు, గిర్రున తిరిగి నాకు వీపు పెట్టి నిలబడింది.

"ఇటు నుంచి ఎత్తుకో నాన్నా. ముక్కు అటు ఉంటుంది."

అలాగే ఎత్తుకున్నాను. దాని ముక్కు ఖతార్ జనం వైపు, నా ముఖం దాని జడల మధ్య. ఎంతసేపో తెలియదు. సుజాత వచ్చి నా చేతులు విడదీసింది.

ఆ పూట, ఎయిర్‌పోర్టులో ఉన్న సమస్త దేశాల ప్రయాణికుల సాక్షిగా, ఒక భీషణ ప్రతిజ్ఞ చేశాను. బొందిలో ప్రాణం ఉండగా నా రక్తసంబంధీకుల ముక్కు రంధ్రాల జోలికి పోను. దూది పుల్ల చెవికి కూడా వాడను. మా ఇంట్లో ఎవరైనా తుమ్మితే "చిరంజీవ" అంటాను, దగ్గరికి తీసుకుంటాను, ఆ పైన నోరు మూసుకుంటాను.