రేణుక టీచరంటే నాకు కుళ్ళు

మొన్న ఆదివారం నీళ్ళ మోటారు సంగతి మాట్లాడదామని మా పై వాటాలోకి వెళ్ళాను. అద్దెకున్న అమ్మాయి సింకులో వంటసోడా చల్లి, మీద నిమ్మచెక్క పిండుతోంది. బుస్సుమని నురగ పొంగింది. నిమ్మ వాసన గుప్పుమంది. "చూశారా ఆంటీ, ఎలా మెరుస్తోందో!" అంది మురిసిపోతూ. నాకు మాత్రం కడుపులో మంట మొదలైంది. ఆ నురగ చూస్తే నాకు రేణుక టీచర్ గుర్తొస్తుంది. ఆమె గుర్తొస్తే, ఇన్నేళ్ళయినా సరే, ఒళ్ళు మండుతుంది. మోటారు సంగతి మరిచిపోయి చక్కా కిందికి దిగొచ్చేశాను.

తమకు నేర్పినవాళ్ళ గురించి రాసేటప్పుడు అందరూ చేతులు జోడించి మొదలుపెడతారు. నేనలా రాస్తే అబద్ధమవుతుంది. రేణుక నాకంటే చిన్నది, చదువులోనూ చిన్నదే. మాది తెనాలి. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ, అదీ ఫస్టు క్లాసులో. మా ఆయనకి నాచారం ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో ఉద్యోగం కావడంతో పెళ్ళయ్యాక ఇక్కడికొచ్చి, ఇంటికి దగ్గరలోనే ఒక ప్రైవేటు బడిలో చేరాను. ఎనిమిది నుంచి పది దాకా ఫిజికల్ సైన్సు నాది. లాబ్ అంటే స్టాఫ్‌రూమ్ మూలనున్న ఒక ఇనప బీరువా. దాని తాళం చెవి నా హ్యాండ్‌బ్యాగులో ఉండేది. ఆ చెవి బ్యాగులో గలగలమంటుంటే నాకదో దర్జా.

రేణుక ఆలేరు వైపు నుంచి వచ్చింది. ఉప్పల్ రింగ్ రోడ్డులో షేర్ ఆటో ఎక్కి, దిగేసరికి జుట్టంతా రేగిపోయి, అయినా నవ్వుతూ లోపలికి వచ్చేది. బీయెస్సీ, బీఈడీ. ఆరు, ఏడు తరగతుల సైన్సు ఆమెకిచ్చారు. చేరిన వారంలోనే నా దగ్గరికి వచ్చింది.

"మేడం, జర లాబ్ తాళం ఇస్తరా? ఏడో తరగతికి ఆమ్లాలు, క్షారాలు చెప్పాలె."

"అవి పై తరగతుల వాళ్ళకండీ. చిన్నపిల్లల చేతికి యాసిడ్ ఇస్తే రేపు వాళ్ళ అమ్మానాన్నలకి ఎవరు సమాధానం చెబుతారు?" అన్నాను.

"అదీ నిజమే. పోనీయుండ్రి మేడం, ఫికర్ లేదు. ఇంట్ల ఏమున్నయో అయ్యే తెస్త."

తాళం ఇవ్వకపోవడం తప్పని నేనిప్పటికీ అనుకోను. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం ఏడో తరగతి పిల్లల ముందు పెడతామా? కానీ మర్నాడు ఆమె పెద్ద స్టీలు క్యారియర్ పట్టుకుని వచ్చింది. అన్నం కాబోలనుకున్నాను. ఒక గిన్నెలో పసుపు, ఒక దాంట్లో పాన్ డబ్బా నుంచి తెచ్చిన తడి సున్నం, ఇంకోదాంట్లో చింతపండు, పై గిన్నెలో నిమ్మకాయలు, వంటసోడా పొట్లం. ఆ రోజు నేను పక్క గదిలో పదో తరగతికి బోర్డు మీద ఆమ్లం నిర్వచనం రాస్తున్నాను. గోడ అవతలి నుంచి ఆమె గొంతు: "ముందు జెప్పుండ్రి, తర్వాత పోస్త! ఏమైతది?" ఇరవై గొంతులు ఒక్కసారి అరిచాయి. ఆమె పోసినట్టుంది. తరవాత "ఓ..." అని ఒకటే కేక. నా క్లాసులో వెనక బెంచీ కుర్రాళ్ళు మెడలు సాచి కిటికీ వైపు చూస్తున్నారు. ఒకడు లేచి, "టీచర్, మనకెప్పుడు?" అన్నాడు. "పబ్లిక్ పరీక్షలో నురగ రాదు, నిర్వచనం వస్తుంది, కూర్చో" అన్నాను. కూర్చున్నాడు కానీ వాడి చెవి గోడ దగ్గరే ఉండిపోయింది.

పరాయి పిల్లలు ఆమెని నెత్తిన పెట్టుకుంటే పెట్టుకోనీ అని సరిపెట్టుకునేదాన్నేమో. ఆ ఏడో తరగతిలో నా కూతురు హారిక కూడా ఉంది. అక్కడే వచ్చింది చిక్కంతా. బడి నుంచి రాగానే సంచీ విసిరేసి వంటింట్లో దూరేది. ఆలుగడ్డ ముక్క మీద టించర్ అయోడిన్ చుక్క వేసి, నల్లబడుతుంటే గెంతేది. నిమ్మరసంతో కాగితం మీద రాసి, ఇస్త్రీ పెట్టె పెట్టి అక్షరాలు తెప్పించేది. నేను కొంగు దోపుకుని ఉత్సాహంగా దగ్గరికి వెళ్ళేదాన్ని. "ఇలా రా, అదెందుకు నల్లబడిందో నేను చెబుతాను."

"నువ్వు ఫార్ములా చెప్తావమ్మా. మా టీచర్ అయితే ఏమైతదో ముందు మమ్మల్నే చెప్పమంటది."

"ఏమవుతుందో అను. ఏమైతదో ఏంటి?"

"జర ఆగు, సూద్దాం" అంది ఆ పిల్ల, నా మాట చెవికెక్కనే లేదు. మా ఆయన పేపరు చాటున కిసుక్కున నవ్వారు. "పుట్టింది ఇక్కడ, పెరిగింది ఇక్కడ. ఇక్కడి మాట రాక తెనాలి మాట వస్తుందా?" అన్నారు. ఈ ఊళ్ళో పుట్టిన పిల్లకి ఈ ఊరి మాట వస్తే నాకేం బాధ? అది రేణుక నోటి నుంచి వచ్చిన మాట, అచ్చం రేణుక తల ఊపినట్టే తల ఊపి అన్న మాట. అదీ నా బాధ. తొమ్మిది నెలలు మోసి కన్నది నేను, కెమిస్ట్రీ చదివింది నేను. నా కూతురు ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, "అమ్మా, ఇదెందుకిలా అయింది?" అని నన్నడిగితే చాలనుకునేదాన్ని. అడగలేదు.

అవి తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులు. తెల్లారి లేస్తే బంద్ అనేవారు. బస్సులుండవు, బడి ఉండదు. అలాంటి ఒక రోజున హారిక పొద్దంతా నాతోనే ఉంటుందని సంబరపడి పూర్ణాలకి పప్పు నానబోశాను. చూస్తే పిల్ల లేదు. వాకబు చేస్తే రేణుక వాళ్ళింటికి పోయిందన్నారు. అప్పటికి మకాం మార్చి, మల్లాపూర్ వెళ్ళే దారిలో ఒక సందులో అద్దెకుంటోందామె. అరికాలి మంట నెత్తికెక్కి వెళ్ళాను. మేడమెట్ల నిండా పిల్లలు. మెట్టుకొక గ్లాసు, గ్లాసుల్లో మందారపూలు మరిగించిన నీళ్ళు. ఎవరింటి నుంచి వాళ్ళు ఏదో ఒకటి తెచ్చారు. పెరుగు, సబ్బు ముక్క, చింతపండు పులుసు, ఒకడైతే వాళ్ళ నాన్న గడ్డం గీసుకునే క్రీము.

"ఎర్రగయితది టీచర్!"

"కాదు, ఆకుపచ్చగయితది!"

"ఎట్ల జెప్తవ్?" అంటోంది రేణుక, కింది మెట్టు మీద గొంతుక్కూర్చుని. ఆ మాట అనేటప్పుడు ఆమె మొహం చూడాలి. నిజంగా తనకే తెలియనట్టు, ఆ పిల్లాడు చెబితే తప్ప అన్నం సహించనట్టు కళ్ళు ఇంత చేసుకుని చూసేది. నన్ను చూసి లేచింది. "రాండ్రి మేడం, కూసోండ్రి. మీ హారిక ఆవకాయ దెచ్చింది. రంగు సూద్దామని పెడితే సగం మేమే తిన్నం. మస్తున్నది మేడం మీ ఆవకాయ!" పిల్లలంతా నవ్వారు. హారిక కూడా నవ్వింది. దాన్ని తీసుకెళ్ళాలని వెళ్ళినదాన్ని, పై మెట్టు మీద కూర్చుని, ఆకుపచ్చగా మారిన గ్లాసులన్నీ చూసి, ఒక్కదాన్నే తిరిగొచ్చాను. ఆ పూర్ణాలు నేనే తిన్నాను.

ఆ ఏడు సైన్స్ డేకి ఏడో తరగతి వాళ్ళు ఎర్రనీళ్ళు చూపిస్తామన్నారు. పిల్లలకి దిష్టి తీసే ఎర్రనీళ్ళే. పసుపు నీళ్ళలో సున్నం కలిపితే ఎరుపెక్కుతాయి, నిమ్మకాయ పిండితే మళ్ళీ పసుపవుతాయి. చెప్పే పిల్ల హారిక. తల్లిదండ్రులందరూ వచ్చారు. నేను ముందు వరసలో కూర్చున్నాను. ఆ రోజు పాన్ డబ్బా మూసేసి ఉందట. మా హారిక తెలివిగా, ఎప్పుడో ఇంటికి వెల్ల వేయించినప్పుడు మిగిలితే మా ఆయన అటక మీద దాచిన సున్నం పొట్లం తీసుకెళ్ళింది. మూతి కట్టకుండా ఏళ్ళ తరబడి పడున్న సున్నం. "సూడుండ్రి, ఇప్పుడీ నీళ్ళు ఎర్రగయితయి" అని పిల్ల గట్టిగా చెప్పి, చెంచాడు వేసి కలిపింది. నీళ్ళు పసుపుగానే ఉన్నాయి. ఇంకో చెంచా వేసింది. ఊహూ.

నిజం చెప్పొద్దూ, మొదట నాకు పండగలా అనిపించింది. దిష్టి నీళ్ళకే నా దిష్టి తగిలిందేమో అనుకున్నాను. అంతలో హారిక చెంచా మీద చెంచా గబగబా వేసెయ్యడం కనబడింది. నా ప్రాణం విలవిల్లాడింది. కారణం నాకు తెలుసు. నాలుక చివరే ఉంది. ఒక్కసారి నా వైపు చూడవే తల్లీ అనుకున్నాను. అది రేణుక వైపు చూసింది.

రేణుక వేదికెక్కి గ్లాసు పైకెత్తి అటూ ఇటూ తిప్పింది. కప్పిపుచ్చుతుందనుకున్నాను. "నాకూ తెల్వది" అంది హాలంతా వినబడేలా. "గిట్లెందుకైంది? ఎవరన్న జెప్తరా?" హాలు లేచి కూర్చుంది. పసుపులో కల్తీ అన్నాడొకాయన. బోరు నీళ్ళండీ, అందుకే అన్నదొకావిడ. పిల్లలు బెంచీలెక్కి మరీ చెప్పారు. పాడైపోయిన ప్రయోగంతో ఆమె అందరినీ ఊపేసింది. హారిక చెంచా పక్కన పెట్టి నవ్వడం మొదలుపెట్టింది. నేను ముందు వరసలోనే కూర్చుండిపోయాను. నన్నెవరూ అడగలేదు మరి.

ఆ సాయంత్రం నేను పులుసు కలుపుతుంటే హారిక వంటింటి గడపలో వచ్చి నిలబడింది. కాలి బొటనవేలితో నేల రాస్తూ, "అమ్మా, సున్నం ఎందుకు పనిచెయ్యలేదు?" అంది.

పొయ్యి కట్టేశాను. మా ఆయన్ని తాజా సున్నం కోసం పాన్ డబ్బా దగ్గరికి పరుగెత్తించాను. నీళ్ళలో కలిపి, అడుగుకి దిగాక పైనున్న తేట గ్లాసులోకి వంపి, కూల్‌డ్రింకు స్ట్రా ఒకటి దాని చేతికిచ్చాను. "ఊదు. మింగకు సుమా. ఆగాగు, ఏమవుతుందో ముందు చెప్పు" అన్నాను. అనేశాక నాలుక కరుచుకున్నాను, అది రేణుక మాట. పిల్ల ఊదింది. తేట కాస్తా పాలలా తెల్లబడింది.

"నా ఊపిరే!" అంది హారిక కళ్ళు విప్పార్చి.

"నీ ఊపిరిలోని బొగ్గుపులుసు గాలే. బయటి గాలిలోనూ కాస్త ఉంటుంది. అటక మీది సున్నం ఇన్నేళ్ళూ ఆ గాలి పీల్చీ పీల్చీ సుద్దయిపోయింది. సుద్దకి పసుపు ఎరుపెక్కదు." దాని బుగ్గలు వెలిగిపోతున్నాయి. నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూస్తోంది. ఏనుగెక్కినంత సంబరం నాకు.

"రేపు టీచర్‌కి చూపిస్తా" అంది గ్లాసు పట్టుకుని. "టీచరే అన్నది. ఇంట్ల గింత సదువుకున్నామె ఉంటే నన్నడుగుతవేందీ, పోయి మీ అమ్మనడుగు అని."

నెత్తిన ఎవరో చన్నీళ్ళు గుమ్మరించినట్టయింది. నేను ఎదురుచూసి ఎదురుచూసి పొందిన ప్రశ్న రేణుక పంపిందా! మర్నాడు స్టాఫ్‌రూమ్‌లో పట్టుకుని అడిగాను. "సున్నం సంగతి మీకు నిజంగా తెలియదా రేణుక గారూ?"

"ఒట్టు మేడం, తెల్వది" అంది టిఫిన్ డబ్బా మూత తీస్తూ, నా వైపు చూడకుండా. "బిడ్డ ఎంత మంచిగ జెప్పిందో! మీరు మస్తు నేర్పిన్రు."

సున్నపు తేట తెల్లబడడం ఎనిమిదో తరగతి పుస్తకంలో ఉంది. బీయెస్సీ చదివిన మనిషికి తెలియదట! నాతో పోటీపడి గెలిచినా ఓర్చుకునేదాన్ని. నా కూతుర్ని నాకు దానంగా ఇచ్చింది, దాన్నెలా ఓర్చుకోను? ఆ తరవాత హారిక నన్ను చాలా అడిగింది. ఇప్పుడు చర్లపల్లిలో మందుల కంపెనీ లాబ్‌లో పనిచేస్తోంది, ఇప్పటికీ ఫోన్ చేసి అడుగుతుంది. మొదటి ప్రశ్న మాత్రం నా సొంతం కాదు.

రాష్ట్రం వచ్చే ముందు రేణుకకి ప్రభుత్వ బడిలో ఉద్యోగం వచ్చి వాళ్ళ ఊరి వైపు వెళ్ళిపోయింది. పోతూ పోతూ, "ఏడో తరగతి మీకే ఇయ్యమని ప్రిన్సిపాల్‌కి జెప్పిన మేడం" అంది. మళ్ళీ దానమే. ఆ పిల్లలు నన్నెంత ఏడిపించారో చెప్పలేను. ఏం చేసినా "రేణుక టీచర్ అయితే..." అనేవారు. పళ్ళు నూరుకుంటూనే వంటింటి సామాను బడికి మోశాను. పొయ్యబోయే ముందు ఆగి, చెప్పండర్రా అనడం అలవాటు చేసుకున్నాను. ఏళ్ళ మీద వచ్చింది నాకా పద్ధతి.

పోయిన నెల, బడి వదిలాక, ఒకావిడ గేటు దగ్గర నా కోసం నిలబడింది. కుట్టు మిషన్ల ఫ్యాక్టరీలో పనిచేస్తుంది, మా ఏడో తరగతి పిల్ల తల్లి. మూతి బిగించుకుని ఉంది. "మేడం, మా పిల్ల నా మాట ఇంటలేదు. ఏమన్నంటే మా మేడం గిట్ల జెప్పింది, గట్ల జెప్పింది అంటది. పొద్దుగాల లేసి వండిపెట్టేది నేను, పేరు మాత్రం మీది" అంది. నవ్వుతూనే అంది కానీ కళ్ళు నవ్వడం లేదు. ఆ చూపు నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? నన్ను చూసి ఒక మనిషి కుళ్ళుకుంటోంది! ఆ పూట నాకు నేల మీద కాళ్ళు ఆనలేదు.

రాత్రి మాత్రం ఆ తల్లి కళ్ళు గుర్తొచ్చి మనసొప్పలేదు. మర్నాడు క్లాసులో ఆ పిల్ల లేచి, పాలు బాగా వేడిగా ఉన్నప్పుడు తోడు పెడితే పెరుగెందుకు కాదని అడిగింది. నాకు తెలుసు. సూక్ష్మజీవుల పేర్లతో సహా తెలుసు. జవాబు గొంతు దాకా వచ్చింది. దాన్ని మింగి, "నాకు తెలియదమ్మా" అన్నాను. "పోయి మీ అమ్మనడుగు."

ఆ రెండు మాటలు అనడానికి నాకు ప్రాణం మీదికొచ్చింది. రేణుక టిఫిన్ డబ్బా మూత తీస్తూ ఎంత తేలిగ్గా అనేసింది! ఆమె మీద నా కుళ్ళు ఆ క్షణాన ఇంకాస్త పెరిగింది.