ఎల్లోరా యాత్రలో రైస్ కుక్కర్

ఆ రోజుల్లో అమీర్‌పేటలో మా వయసు వాళ్ళు ఎవరు ఎదురుపడినా ముందు అడిగే ప్రశ్న ‘ఏ కోర్సు?’ అని. ఊరూ పేరూ ఆ తర్వాతే. నేను అమలాపురం నుంచి వచ్చి, ఒక లేడీస్ హాస్టల్లో నలుగురికే చాలని గదిలో ఐదోదాన్నై సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకునేదాన్ని. నేర్చుకున్న రోజులకంటే కడుపు పట్టుకుని పడుకున్న రోజులే ఎక్కువ. ఏడాదిపాటు నానా మందులూ మింగాక, పంజగుట్టలో ఒక డాక్టరుగారు పరీక్షలన్నీ చేయించి, గోధుమలో ఉండే గ్లూటెన్ అనే పదార్థం నా పేగులకు పడదని తేల్చారు. పథ్యం ఎన్నాళ్ళండీ అని అడిగాను. ‘ఎల్లకాలం’ అన్నారాయన, వాతావరణం సంగతి చెప్పినంత తేలిగ్గా.

ఈ సంగతి హాస్టల్ ఆంటీకి అర్థమయ్యేలా చెప్పడం నా వల్ల కాలేదు. ఒంట్లో బాగోలేదనగానే ఆవిడ ప్రేమగా అన్నం మాన్పించి రెండు చపాతీలు వేసేది. (మా వైపు గోధుమ అంటేనే రోగుల తిండి. అది తింటేనే రోగం వస్తుందంటే నమ్మేదెవరు?) చపాతీ వద్దంటే మర్నాడు ఉప్మా పెట్టింది. అదీ గోధుమేనన్నాను. ‘గోధుమేంటమ్మా, అది రవ్వ’ అంది. ఆఖరికి ఇంగువ డబ్బాలో కూడా గోధుమపిండి కలుస్తుందని తెలిశాక సాంబారుకీ దూరమయ్యాను. ఒకసారి మాత్రం మొహమాటానికి పుట్టినరోజు కేకు ముక్క తిని, మూడు రోజులు లేవలేక, చేతికందిన ఇంటర్వ్యూ పోగొట్టుకున్నాను.

అలాంటిది, ఎట్టకేలకు పంజగుట్టలోనే ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరాలి. సరిగ్గా ఆ ముందరి శని ఆదివారాలకే గదిలో వాళ్ళందరూ ఔరంగాబాద్, ఎల్లోరా టూర్ బస్సుకి టికెట్లు తీసుకున్నారు. నన్ను రావద్దన్నారు. అందరికంటే గట్టిగా వద్దన్నది నా పక్క మంచం అమ్మాయి. సిద్దిపేట నుంచి వచ్చింది కాబట్టి తను మాకు సిద్దిపేటే, నేను తనకి అమలాపురం.

“ఆడ అంత గోధుమ రొట్టెలే తింటరు. నువ్వు తింటవ్, పడుకుంటవ్, నౌకరి పోతది. జర సోచాయించు,” అంది.

“రావాలనీ ఉంది, చేరాలనీ ఉంది. రెండూ చేస్తాను,” అన్నాను.

అటుకులు, బెల్లం, వేరుశెనగ గుళ్ళు, రెండు కిలోల బియ్యం, ఒక చిన్న కరెంటు కుక్కరు సర్దుకున్నాను. బట్టలు రెండు జతలే పట్టాయి. దారిలో బస్సు ఆగిన ప్రతి డాబా దగ్గరా అందరూ వేడి రొట్టెలు తుంచుకుంటుంటే నేను అటుకులు నమిలాను. ఒక పెద్దావిడ నేను ఏ దేవుడికి మొక్కుకున్నానని అడిగింది.

శనివారం పొద్దున ఔరంగాబాద్ హోటల్ గదిలో బియ్యం కడిగి, కుక్కరు ప్లగ్గు పెట్టాను. టప్పుమంది. మా గదిలో ఫ్యానాగింది, ఎదురు గదిలోనూ ఆగింది, బాత్రూముల్లో చీకట్లో చిక్కుకున్న వాళ్ళ కేకలు మొదలయ్యాయి. హోటల్ మేనేజరు పైకొచ్చి, కుక్కరు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. అటుకులా, అప్పటికే అయిపోయాయి. ఇక వంటింటికే వెళ్ళాలని నిశ్చయించుకున్నాను.

వంటమనిషి యాభై ఏళ్ళ పెద్దమనిషి. నాకొచ్చిన హిందీలో గోధుమ తిననని చెప్పాను. ఆయన నా మెడలోని సన్నటి గొలుసు వంక చూసి, నగలు ఎవరూ తినరు తల్లీ అన్నాడు. (‘గెహూఁ’ అనాల్సింది ‘గెహనా’ అన్నానట.) నా వెనకే వచ్చిన సిద్దిపేట నవ్వాపుకోలేక గుమ్మంలోనే కూలబడింది. తేరుకున్నాక తనే అసలు సంగతి చెప్పింది. అంతేనా, జొన్నరొట్టె చేసిపెడతానన్నాడాయన. అప్పుడు చూశాను, పీట మీదా, పెనం మీదా, ఆయన చేతుల మీదా తెల్లగా గోధుమపిండి. అవన్నీ ముందు కడగాలని చెప్పమన్నాను.

“ఇజ్జత్ తీస్తున్నవే. పెద్దమనిషికి చేతులు కడుక్కోమని నేనెట్ల చెప్తనే,” అంది సిద్దిపేట గొణుగుతూ.

చెప్పకపోతే నేనే చెబుతానన్నాను. నా హిందీ మీద భయంతోనేమో, చెప్పింది. ఆయన మొహం ముడుచుకుంది. అప్పడాలకర్ర కింద పెట్టేశాడు. నాకు ఏడుపొచ్చేలా ఉంది, కానీ కదల్లేదు. సోమవారం నా మొదటి ఉద్యోగమనీ, పిండి ఇసుమంత తగిలినా ఆ రోజుకి లేవలేననీ చెప్పమన్నాను. ఆయన అంతా విన్నాడు. చేతులు కడుక్కుంటే ఒకరి ఉద్యోగం నిలబడుతుందంటే మోచేతులదాకా కడుక్కుంటానని కొళాయి తిప్పాడు. పెనం నేనే తోమాను.

పీట లేకుండా, తడిచేత్తో తట్టి కాల్చిన జొన్నరొట్టెలు మూడు, వేరుశెనగ పచ్చడితో తిన్నాను. అంతవరకూ జొన్నరొట్టె నోట పెట్టి ఎరగను. మర్నాటికి ఆరు కట్టిచ్చాడు. ఎల్లోరాలో అందరూ శిల్పాల ముందు ఫొటోలు దిగుతుంటే నేను మెట్ల మీద కూర్చుని, రాతి ఏనుగుల వరస చూస్తూ రొట్టె తిన్నాను. అంత కమ్మని భోజనం నాకు మళ్ళీ దొరకలేదు.

సోమవారం పది గంటలకి, కడుపులో ఏ బాధా లేకుండా ఆఫీసులో అడుగుపెట్టాను. కొత్తగా చేరిన వాళ్ళకి స్వాగతమని పెద్ద కేకు తెచ్చి, నా చేతికే కత్తి ఇచ్చారు. కోశాను, అందరికీ పంచాను. నా నోటి దగ్గరకొచ్చిన ముక్కని ఆపి, గోధుమలో గ్లూటెన్ అని ఒకటుంటుందండీ అని మొదలుపెట్టాను.

ఇప్పుడు ఎక్కడికి వెళ్ళినా మెనూలోనే చిన్న గుర్తు ఉంటుంది. వేలితో చూపిస్తే చాలు, ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. హాయిగానే ఉంది. అయినా తెలియని ఊళ్ళో, రాని భాషలో, పొగచూరిన వంటింట్లో పట్టుపట్టి నిలబడ్డ ఆ ఇరవై రెండేళ్ళ పిల్ల అప్పుడప్పుడు గుర్తొస్తుంది. మొన్న ఒక హోటల్లో సర్వరు అన్నీ సవ్యంగా తెచ్చి పెడితే, ఏదో వెలితిగా అనిపించి, పెనం కడిగారా అని ఊరికే అడిగాను.